వంపుగీత

ఆ జవాబు పక్కన ఎర్రసిరాతో సున్నా చుట్టి వనజాక్షి పేజీ తిప్పింది. తిప్పిందే గాని చెయ్యి ముందుకు సాగలేదు. మళ్లీ వెనక్కి తిప్పి చదివింది.

చిత్తూరులో ఆ హైస్కూలు గది పొద్దున్నుంచే పొయ్యి మీద పెనంలా ఉంది. పైన రెండు ఫ్యాన్లు తిరుగుతున్నాయి గాని గాలి కింది దాకా దిగడం లేదు. చెమటకు కాగితం అంటుకోకుండా టీచర్లు మణికట్టు కింద చేతిగుడ్డలు పరుచుకుని పేపర్లు దిద్దుతున్నారు. బెల్లం మండీ పరంధామయ్య తన తల్లి పేరుమీద పెట్టిన రాఘవమ్మ విద్యానిధి పరీక్ష అది. పదో తరగతి అయిన ఆడపిల్లలు రాస్తారు. మొదటి పదిమందికి తిరుపతిలో ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్ చదువు, హాస్టల్ రెండేళ్లూ ఉచితం. జిల్లా నలుమూలల నుంచి పిల్లలు రాస్తారు. దిద్దేది సర్కారు బళ్ల టీచర్లు. నగరి దగ్గర హైస్కూల్లో సోషల్ చెప్పే వనజాక్షి నాలుగేళ్లుగా వస్తోంది. ఈసారి ఆమె బడి నుంచి కూడా భవిత అనే పిల్ల రాసింది. పేపర్ల మీద పేర్లుండవు, కోడ్ నంబర్లే. ఎవరి పేపరు ఎవరి చేతిలో పడిందో ఎవరికీ తెలియదు.

ప్రశ్న మామూలుదే. ప్రపంచపటం మీద రెండు విమానాశ్రయాలు గుర్తుపెట్టి ఇచ్చారు. ఒకటి స్పెయిన్‌లో మాడ్రిడ్, ఇంకోటి చైనాలో బీజింగ్. రెండూ దాదాపు నలభయ్యో ఉత్తర అక్షాంశం మీదే ఉన్నాయి. వాటి మధ్య మూడు దారులు గీశారు. 'అ' విల్లులాగా పైకి వంగి రష్యా మీదుగా పోతుంది. 'ఆ' స్కేలు పెట్టి గీసినట్టు అక్షాంశం వెంబడి నేరుగా పోతుంది. 'ఇ' కిందికి వంగి మన దేశం దాకా దిగి మళ్లీ పైకెక్కుతుంది. విమానానికి ఏ దారిలో దూరం తక్కువ? కారణం రాయండి. రెండు మార్కులు.

బల్ల మీదున్న కీ పేపర్లో జవాబు ఒక్క వాక్యం. 'ఆ. రెండు బిందువుల మధ్య అతి తక్కువ దూరం సరళరేఖ.' పొద్దున్నుంచి వచ్చిన పేపర్లలో ఎక్కువమంది అదే రాశారు. వనజాక్షి అలవాటుగా రెండేసి మార్కులు వేసుకుంటూ పోయింది.

ఈ పిల్ల 'అ' అని రాసింది. కింద గుండ్రటి అక్షరాల్లో: 'భూమి గుండ్రంగా ఉంది. బంతి మీద పైభాగంలో దూరం దూరంగా రెండు చుక్కలు పెట్టి దారం బిగబట్టితే దారం అడ్డంగా నిలవదు. పైకి జరిగిపోతుంది. నేను చేసి చూసినాను.'

ఇన్నేళ్ల సర్వీసులో ఎన్ని వేల పేపర్లు దిద్దిందో. 'నేను చేసి చూసినాను' అని ఒక పిల్ల రాయగా చదవడం ఆమెకు ఇదే మొదలు. గైడులోంచి బట్టీ పట్టిన వాక్యం అట్లా ఉండదు.

మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తీస్తూ, పక్కన కూర్చున్న ఐరాల లెక్కల మాస్టరు జయరావును అడిగింది. "సార్, బంతి మీద దారం బిగబడితే పైకి జరుగుతుందా?"

జయరావు మజ్జిగన్నం ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగాడు. "ఏం మేడం, సెలవుల్లో పిల్లోళ్ల ఆటలు మొదలుబెట్టినారా?"

ఆమె విషయం చెప్పింది. అతను ఎడమచేత్తో ఫోను తీసి మాడ్రిడ్, బీజింగ్ అని కొట్టాడు. రెండు విమానాశ్రయాల మధ్య దూరం తొమ్మిది వేల రెండువందల కిలోమీటర్ల చిల్లర అని వచ్చింది. దాని కింద పటంలో విమానం దారి గీసి ఉంది. అది నేరుగా లేదు. ప్రశ్నలోని 'అ' గీతలాగే పైకి వంగి ఉంది.

జయరావు ముద్ద డబ్బాలో వదిలేసి చెయ్యి కడుక్కొచ్చాడు. పాత ప్రశ్నపత్రం వెనక లెక్క వేశాడు. నలభయ్యో అక్షాంశం చుట్టుకొలత ఎంత, అందులో ఈ రెండు ఊళ్ల మధ్య వచ్చే భాగమెంత. కొట్టేశాడు, మళ్లీ వేశాడు. "నేరుగా పోతే పదివేలు దాటతాది మేడం. పిల్ల రాసిందే కరెక్టు. వంకరగా కనబడేదే దగ్గర. మనం కాయితం మీద సూస్తా ఉండాం, అదీ సంగతి."

గోళాన్ని సరిసగం చేస్తూ దగ్గరి దారి చూపే 'మహావృత్తం' అనే మాట వనజాక్షికి గుర్తొచ్చింది. బీఎడ్‌లో చదివింది, పరీక్షలో రాసింది కూడా. ఆ మాట వెనక ఒక భూగోళం ఉందని, దాని మీద చెయ్యి పెట్టి చూడవచ్చని ఏనాడూ తోచలేదు.

అటెండరు ఎల్లప్పను అడిగి బీరువా మీదినుంచి గ్లోబు దింపించింది. దాని స్టాండు విరిగిపోయింది, మీద వేలిమందం దుమ్ము. కొంగుతో తుడిచింది. అడిషనల్ షీట్లు కట్టే తెల్లదారం తీసి ఒక కొస మాడ్రిడ్ మీద, ఇంకో కొస బీజింగ్ మీద బొటనవేళ్లతో అదిమిపట్టింది. దారాన్ని నలభయ్యో గీత మీదనే పరిచింది. అది వదులుగా ఉంది. బిగలాగింది. దారం ఆమె చెప్పినట్టు వినలేదు. నున్నగా జారి టర్కీ దాటి, కాస్పియన్ సముద్రం దాటి, పైకి పైకి పోయి రష్యా నడుమ ఆగింది. ఆమె వేళ్ల మధ్య దారం మిగిలిపోయింది.

మూడుసార్లు చేసింది. మూడుసార్లూ అట్లాగే జరిగింది.

*

చీఫ్ ఎగ్జామినర్ దామోదరం రిటైరైన హెడ్మాస్టరు. తెల్లటి ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. ప్రశ్నపత్రం, కీ రెండూ ఆయనే తయారుచేశాడు. గదులన్నీ తిరుగుతూ దిద్దిన కట్టల్లోంచి నాలుగైదు పేపర్లు తీసి చూసి, సంతకం పెట్టి కట్టేయిస్తున్నాడు. వనజాక్షి గ్లోబు పట్టుకుని ఆయన బల్ల దగ్గరికి పోయింది. పిల్ల జవాబు చదివి వినిపించి, దారం పెట్టి చూపించింది.

ఆయన ఓపిగ్గానే చూశాడు. ఒకసారి తన చేతుల్లోకి కూడా తీసుకున్నాడు. తరువాత గ్లోబును బల్ల మీద పెడితే అది దొర్లబోయింది. డస్టరు అడ్డం పెట్టాడు.

"మేడం, మనం పిల్లోళ్లకు నేర్పింది ఏంది? సరళరేఖే గదా?"

"కాయితం మీద సార్. భూమి కాయితం కాదు గదా."

"ఈ పిల్ల యాడో ఫోన్లో సూసుంటాది. అందరూ 'ఆ' అని రాసినారు. సగం కట్టలు అయిపాయె. ఒక పేపరు కోసరం అన్నీ విప్పమంటారా ఈ ఎండలో?"

"ఒకటైనా పేపరే సార్."

దామోదరం కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "వనజాక్షీ, నీ సర్వీసు మొదట్లో నా కిందనే పనిచేసినావు. నీ నిజాయితీ నాకు తెలుసు. కానీ పరీక్ష అన్నాక కీ ఒకటే ఉండల్ల. కీలో ఏముంటే అది. సంతకం పెట్టి కట్ట ఇచ్చి పో."

ఇచ్చేసి ఉంటే ముందు బస్సు దొరికేది. ఆమె కట్ట వైపు చూసింది. పై పేపరు మీద తను చుట్టిన సున్నా కనబడుతూనే ఉంది.

"పెట్టను సార్" అంది.

గదిలో పెన్నుల చప్పుడు ఆగిపోయింది. గట్టిగా మాట్లాడే మనిషి కాదు వనజాక్షి. ఇప్పుడు కూడా గట్టిగా అనలేదు. దామోదరం కళ్లద్దాలు పెట్టుకుని, "సరే, రేపు పరంధామయ్య వస్తాడు. ఆయన ముందరే తేల్చుకుందాం" అని లేచిపోయాడు.

నగరి బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆమె తన క్లాసురూమును తలచుకుంది. గోడకు తగిలించిన పటం, చేతిలో పొడుగు బెత్తం. ప్రతి ఏడూ ఏదో ఒక సందర్భంలో పటం మీద స్కేలు పెట్టి గీత గీసి, 'ఇదీ దూరం' అని చెబుతూనే ఉంది. గ్లోబు సైన్సు రూములో అట్టపెట్టెలో ఉంది. పిల్లలు పగలగొడతారని బయటికి తియ్యరు.

*

రెండో రోజు ఆమె గదిలోకి రాగానే మాటలు ఆగాయి. కొత్త కట్ట తీసుకుంది. ప్రతి పేపరూ ఎప్పటిలాగే దిద్దింది. ఆ ప్రశ్న వచ్చినప్పుడు మాత్రం మార్కు వెయ్యకుండా అంచున పెన్సిలుతో చిన్న గీత పెట్టి ముందుకు పోయింది. మొత్తం వెయ్యలేదు. సంతకం పెట్టలేదు. దిద్దిన పేపర్లన్నీ పక్కన దొంతి పెట్టింది. ఆమె పేపర్లు రాక కూడికలు వేసే వాళ్లు చేతులు ముడుచుకుని కూర్చున్నారు.

"అక్కా, మాకు ఇండ్లూ వాకిండ్లూ ఉండాయి" అంది వెనక బెంచీలోంచి ఒక టీచరు. "నువ్వొకతివే న్యాయంగా ఉండేదానివా?"

"లేదమ్మా. నిన్న మధ్యాహ్నం దాకా నేనూ సున్నాలే ఏసినాను" అంది వనజాక్షి తలెత్తకుండా.

జయరావు లేచి ఆమె పక్క బెంచీలోకి మారాడు. తన కట్టలో కూడా ఆ ప్రశ్న దగ్గర పెన్సిలు గీతలు పెట్టడం మొదలుపెట్టాడు.

పదకొండు దాటాక పరంధామయ్య వచ్చాడు. వెనకాల మండీ మనిషి మజ్జిగ క్యాను మోసుకొచ్చాడు. పరంధామయ్య ఎనిమిదో తరగతితో బడి మానేసిన మనిషి. మేష్టర్ల మధ్యకు వచ్చినప్పుడు కండువా నడుముకు చుట్టుకుని నిలబడతాడు, కూర్చోమన్నా కూర్చోడు. అందరికీ గ్లాసులు అందాక దామోదరం సంగతి చెప్పాడు. తప్పు తనది కాదన్నట్టు చెప్పలేదు గాని, చిన్న విషయమన్నట్టు చెప్పాడు. చివర ఒక దారి కూడా చూపాడు.

"ఇద్దరి మాటా పోకుండా చేద్దాం. 'అ' రాసినోళ్లకూ రెండు మార్కులు, 'ఆ' రాసినోళ్లకూ రెండు మార్కులు. ఎవురికీ నష్టం లేదు."

గదిలో చాలామంది ముఖాలు తేటపడ్డాయి. జయరావు కూడా 'పోనీలే' అన్నట్టు వనజాక్షి వైపు చూశాడు.

"మీరేమంటారమ్మా?" అని పరంధామయ్య అడిగాడు.

ఆమె లేచి నిలబడింది. చేతిలో మజ్జిగ గ్లాసు బల్ల మీద పెట్టింది. "తప్పు రాసినోళ్లకూ రెండు, ఒప్పు రాసినోళ్లకూ రెండు ఏస్తే ఆ ప్రశ్న లేనట్టే గదా సార్. ఆ పాప బంతి తెచ్చుకుని, దారం పెట్టి సూసి, క్లాసులో చెప్పిందానికి ఎదురు రాసింది. ఎదురు రాయల్లంటే ఎంత ధైర్యం కావల్ల? దానికి మనం ఇచ్చేది ఏంది? అందరితో సమానంగా రెండు మార్కులా?"

"మరి తక్కినోళ్ల తప్పేముంది మేడం?" అన్నాడు దామోదరం. "మనం చెప్పిందే రాసిరి."

"వాళ్ల తప్పేం లేదు సార్. తప్పు మనది. మన తప్పు కప్పిపెట్టేదానికి ఆ పాప ఒప్పును తీసి పక్కన పెడతా ఉండాం."

పరంధామయ్య గ్లోబు తెప్పించుకుని, దాని మీద మాడ్రిడ్ ఎక్కడో జయరావుతో చూపించుకున్నాడు. మోటుగా ఉన్న బొటనవేళ్లతో తనే దారం పట్టి లాగాడు. దారం పైకి జరిగితే 'ఊఁ' అన్నాడు.

"దామోదరం సార్, కోపం చేసుకోవద్దు. మండీలో మంచి బెల్లానికీ మట్టి బెల్లానికీ ఒకే ధర కడితే మరుసటేడు మంచి బెల్లం తెచ్చేవాడే ఉండడు. మా అమ్మ పేరు పెట్టుకున్న పని ఇది. ఏది నిజమో దానికే మార్కులెయ్యండి. ఇంకొక దినం పట్టినా నాకు బాధ లేదు, మీ అందరికీ భోజనం నేను పంపిస్తా."

దామోదరం కీ పేపరు ముందుకు లాక్కుని, 'ఆ' కొట్టేసి 'అ' అని రాసి, కింద తేదీ వేశాడు. అప్పుడు ఎవరూ అనుకోని పని చేశాడు. చొక్కా చేతులు పైకి మడుచుకుని, అటకమీద సీలు వేసిన మొదటి కట్టను తనే దింపుకుని, ముడి విప్పి, జేబులోంచి ఎర్రపెన్ను తీశాడు.

అది చూశాక గొణుగుడు తగ్గింది. మిగతావాళ్లు కూడా తలా ఒక కట్ట తీసుకున్నారు. మధ్యాహ్నమంతా ఆ ఒక్క ప్రశ్న కోసం పేజీలు తిరిగాయి. రెండు కొట్టేసి సున్నా, పక్కన పొట్టి సంతకం, మొత్తంలోంచి రెండు తీసివేత. మళ్లీ మళ్లీ అదే పని. కారణం లేకుండా ఊరికే 'అ' అని రాసినవాళ్లకు ఒకటి. వనజాక్షి చేతిలోకి వచ్చిన ఒక పేపర్లో అందమైన అక్షరాలతో, కింద స్కేలుతో గీత కొట్టి, 'ఆ. రెండు బిందువుల మధ్య అతి తక్కువ దూరం సరళరేఖ కావున' అని ఉంది. ఆ 'కావున' దగ్గర ఆమె కలం ఒక క్షణం ఆగింది. క్లాసులో ఆ మాట వాడేది తనే. తల విదిలించుకుంది. కావున అని రాసే పిల్లలు జిల్లాలో ఎంతమంది లేరు! రెండు కొట్టేసింది. సున్నా చుట్టింది. పొట్టి సంతకం పెట్టింది.

*

మూడో రోజు కోడ్ నంబర్లు విప్పారు. చించి దాచిన చీటీలతో పేపర్లను కలుపుతూ ఒకరు చదువుతుంటే జయరావు నల్లబల్ల మీద రాశాడు. పేరు, ఊరు, మార్కులు. పై తొమ్మిది పేర్లు అయ్యాయి. పదో పేరు ఐరాల దగ్గరి పల్లె పిల్ల అమలది. ఆ పేపరు తీసి చూస్తే బంతీ దారం జవాబు అందులోనే ఉంది. "మా పక్క పాపే!" అని జయరావు సంబరంగా వెనక్కి తిరిగాడు.

పదకొండో పేరు భవిత. నగరి. అమలకంటే ఒక్క మార్కు తక్కువ.

వనజాక్షి లేచింది. ఎవరూ చెప్పకుండానే ఆ పేపరు తెచ్చుకుని తెరిచింది. అందమైన అక్షరాలు. 'కావున'. పక్కన తన సున్నా, తన పొట్టి సంతకం.

జయరావు ముఖంలో సంబరం ఆరిపోయింది. "మీ పిల్లా మేడం?" అని మెల్లగా అడిగాడు. ఆమె తలూపింది. "ఇంకొక సీటు అడిగితే?" అని అతను దామోదరం వైపు చూశాడు.

"కాలేజీవాళ్లు పదే ఇచ్చేది. పోయినేడు పరంధామయ్య ఎంతో అడిగి సూసినాడు" అన్నాడు దామోదరం. అందరినీ భోజనాలకు పంపించి, ఆమె ఎదురు బెంచీ మీద కూర్చున్నాడు. గెలిచిన ఛాయ ఆయన ముఖంలో లేదు. గొంతు తగ్గించాడు.

"లిస్టు మీద ఇంగా నేను సంతకం పెట్టలేదు. నిన్న నేను చెప్పిన పద్ధతి పెట్టుకుంటే అందరికీ రెండు మార్కులు. మీ పాప లోపలికి వస్తాది. పరంధామయ్యకు నేను చెప్పుకుంటా, కట్టలు కలిసిపోయినాయనో ఏదో ఒకటి. నిన్ను ఎవురూ ఒక మాట అనరు."

"అప్పుడు అమల?"

దామోదరం పెన్ను మూత తీసి మళ్లీ పెట్టాడు.

భవిత ఇంట్లో పరిస్థితి వనజాక్షికి తెలుసు. తండ్రి మురుగేష్ ఒకరి పవర్‌లూమ్ షెడ్డులో మగ్గాలు చూస్తాడు. తల్లి తిరుమలమ్మ ఇంట్లో మగ్గాలకు నూలు కండెలు చుడుతుంది. హాస్టల్ సీటొస్తే చదువు, లేకుంటే కండెల మిషను దగ్గర కూర్చోవల్సిందేనని ఆ తల్లి ముందే చెప్పింది. అప్లికేషను నింపించింది, ఫొటో తీయించింది, బస్సెక్కించి పరీక్షకు తీసుకొచ్చింది వనజాక్షే. ఆ పిల్ల రాసింది కూడా తను చెప్పిన జవాబే.

అమల ముఖం ఆమె చూడలేదు. ఇక ముందు చూస్తుందన్న నమ్మకమూ లేదు.

కిటికీ బయట ఎల్లప్ప పంపు కింద తల పెట్టి నీళ్లు పోసుకుంటున్నాడు. ఆ నీళ్లు కారి కారి ఆగేదాకా ఆమె అటే చూసింది. తరువాత లిస్టు తన ముందుకు లాక్కుంది. ఎగ్జామినర్ అన్నచోట సంతకం పెట్టి, దామోదరం వైపు జరిపింది.

"మీరూ పెట్టేయండి సార్" అంది.

*

ఆ సాయంత్రం నగరిలో బస్సు దిగి ఆమె ఇంటికి పోలేదు. మగ్గాల చప్పుడు మోగుతున్న సందులోకి నడిచింది. ఈ మాట వేరే ఎవరో చెప్పకముందే తను చెప్పాలి.

తిరుమలమ్మ వాకిట్లో మిషను ముందర కూర్చుని కండెలు చుడుతోంది. మేడంను చూసి స్విచ్చి ఆపి, చాప పరిచింది. భవిత లోపలినుంచి పరుగున వచ్చింది. వనజాక్షి చాప మీద కూర్చుని, చుట్టూ తిప్పకుండా చెప్పింది. సీటు ఒక్క మార్కుతో తప్పిపోయిందని, ఏ ప్రశ్నలో రెండు మార్కులు పోయాయో.

భవిత గడప మీదే నిలబడిపోయింది. "అది మీరు చెప్పిందే గదా మేడం నేను రాసినాను."

"అవునమ్మా. నేను చెప్పింది తప్పు. కీలో కూడా మొదట అట్లనే ఉన్నింది. అది తప్పని పట్టుబట్టి మార్పించింది కూడా నేనే."

తిరుమలమ్మకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక చేతిలోని కండె మెల్లగా బుట్టలో వేసింది. "తప్పేమో మీది. సీటు పోయిందేమో మా పాపదా?"

వనజాక్షి తల దించుకోలేదు. "అవును తిరుమలమ్మా" అంది.

భవిత లోపలికి పోయి తలుపు వేసుకుంది. వనజాక్షి తలుపు వైపు తిరిగి, లోపలికి వినబడేలా చెప్పింది. "రేపు పుత్తూరు గవర్నమెంటు జూనియర్ కాలేజీలో అడ్మిషన్లు. పొద్దున మొదటి బస్సుకు నేను బస్టాండులో ఉంటాను. సర్టిఫికెట్లు తెచ్చుకో."

"కాలేజీ లేదు, ఏమీ లేదు మేడం. దినామూ బస్సులో పోయి వచ్చేది మాకు కుదరదు. హాస్టలు గనకనే ఒప్పుకున్నాం" అంది తిరుమలమ్మ.

"పాసు నేను తీయిస్తాను. నాకు తెలిసిన పిల్లలు నలుగురు ఆ బస్సులోనే పోతారు. సాయంత్రం వచ్చినాక లెక్కలు జయరావు సారు ఫోన్లో చెప్తానన్నాడు, తక్కినవి నేను చూస్తాను. నువ్వు నన్ను తిట్టు, పడతాను. పిల్లను మాత్రం మిషను దగ్గర కూర్చోబెట్టొద్దు."

"మిమ్మల్ని తిట్టేదానికి నేనెవురు?" అని తిరుమలమ్మ మిషను స్విచ్చి వేసింది. ఆ చప్పుడులో ఇక మాట వినబడదు. వనజాక్షి లేచి వచ్చేసింది.

మర్నాడు మొదటి బస్సు బయలుదేరబోతుండగా తల్లీకూతుళ్లు వచ్చారు. ఇంట్లో ఏం జరిగిందో, మురుగేష్ ఏమన్నాడో ఆమె అడగలేదు. తిరుమలమ్మ కళ్లు నిద్రలేనట్టున్నాయి. భవిత సర్టిఫికెట్ల కవరు గుండెకు అదుముకుని, వనజాక్షి పక్కన చోటున్నా ముందు సీట్లో కూర్చుంది. నగరి దాటాక లేచి వచ్చి, ఆమె సీటు పక్కన కమ్మీ పట్టుకుని నిలబడింది.

"మేడం. అది నా పేపరని ముందే తెలిసుంటే ఏం చేసుందురు?"

తెలియదనేయవచ్చు. ఆ రోజు కోడ్ నంబర్లే కదా అనవచ్చు. బస్సు గతుకులో పడి లేచింది. వనజాక్షి పిల్ల కళ్లలోకి చూసింది.

"తెలిసినాకనే సంతకం పెట్టినాను. లిస్టు మార్చుకోమని దామోదరం సారు నాకు చెప్పినాడు. మారిస్తే నీకు సీటొచ్చేది, ఆ పాపకు పోయేది. నేను మార్చలేదు."

భవిత పెదవులు బిగించుకుంది. తిరిగి ముందు సీటుకు పోయి తల్లి పక్కన కూర్చుని, పుత్తూరు వచ్చేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయింది.

కాలేజీ ముందు అప్పటికే జనం. ఎండ ముదిరింది. వనజాక్షి గేటు దగ్గరే ఆగిపోయింది. భవిత తనను వెంట రమ్మనలేదు, తను పోవడం ఆ పిల్లకు ఇష్టమో కాదో తెలియదు. భవిత తల్లిని చెట్టు కింద కూర్చోబెట్టి, ఒక్కతే నడిచిపోయి క్యూలో నిలబడింది. వెనక నిలబడినవాళ్లు ఆ పిల్లను తోసుకుంటూ ముందుకు పోతుంటే, "అన్నా, నేను ముందుండాను" అని గట్టిగానే అంది. కిటికీ దగ్గరికి చేరాక మెడ సాచి లోపలి గుమాస్తాను అడగడం ఇక్కడి దాకా వినబడింది.

"సార్, ఎంపీసీలో సీట్లుండాయా?"

లోపలి జవాబు వినబడలేదు. గుమాస్తా ఏదో కాగితం ఇచ్చాడు. భవిత నిలబడే చదివింది. మళ్లీ ఏదో అడిగింది. మళ్లీ చదివింది. వనజాక్షి గేటు కమ్మీ మీద చెయ్యి పెట్టి, కాలిపోతుంటే తీసేసి, కొంగు నెత్తిన కప్పుకుంది.

కాసేపటికి భవిత క్యూలోంచి బయటికొచ్చి గేటు వైపు నడిచింది. దగ్గరికి వచ్చాక కూడా ముఖంలో నవ్వు లేదు. కోపం పూర్తిగా పోనూ లేదు. చేతిలో అప్లికేషను.

"గ్రూపు కాడ ఏం రాయల్లో మీతో మాట్లాడి రాస్తాను" అంది. తరువాత ఎండ కేసి, ఆమె నెత్తి మీది కొంగు కేసి చూసి, "ఆడెందుకు నిలబడుకున్నారు మేడం? లోపలికి రండి. వరండాలో ఫ్యాను ఉండాది" అంది.